మిల్ లాక్స్ సరస్సుకు వెళ్లే తెలుగువారికి ఒక మనవి

మే నెల మధ్యలో ఒక శనివారం మిన్నెసోటాలో వాల్‌ఐ చేపల వేట మొదలవుతుంది. మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరాల నుంచి కారులో రెండు గంటలలోపే ఉత్తరాన మిల్ లాక్స్ సరస్సు వస్తుంది. మనవాళ్లు నాలుగైదు కుటుంబాలు కలిసి లాంచీ మాట్లాడుకుని అక్కడికి వెళ్తున్నారు. వెళ్లండి. పిల్లలకు గాలం వేయడం నేర్పండి. వెళ్లవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. జూలై, ఆగస్టు ఎండల్లో ఎక్కడ ఆపాలో ఒక్క మాట విని వెళ్లమని అడుగుతున్నాను.

"పట్టిన చేపను మళ్లీ నీళ్లలోనే వదిలేశాం కదా, దానికేం నష్టం?" అని మనలో చాలామంది అనుకుంటారు. ఆ నమ్మకం గురించే ఈ మనవి.

మిల్ లాక్స్ లక్షా ముప్పై వేల ఎకరాల పైచిలుకు సరస్సు. ఒడ్డున నిలబడితే కనుచూపు మేర నీళ్లే. కానీ ఎంత లోతనుకున్నా 42 అడుగులకు మించదు. అందుకే వేసవి ముదిరేసరికి సరస్సు బాగా వేడెక్కుతుంది. చల్లటి నీరు కావలసిన టల్లిబీ చేపలు తగ్గడానికి అదొక కారణం. వాల్‌ఐలకు ఆ టల్లిబీలే మంచి మేత.

ఇక్కడ వాల్‌ఐలు ఎంత వేగంగా తగ్గాయో అంకెలే చెబుతాయి. ఏడాదికి ఎన్ని చేపలు తీసినా సరస్సు తట్టుకుంటుందో రాష్ట్ర సహజవనరుల శాఖ, ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వే తెగలు కలిసి లెక్క కడతాయి. 2013లో ఆ పరిమితి 2,50,000 పౌండ్లు. 2014లో 60,000. 2015లో 40,000. అందులో రాష్ట్రం తరఫున గాలం వేసేవారి వాటా 28,600 పౌండ్లు. అది నిండిపోవడంతో ఆగస్టు 3న వేట ఆపేశారు. వేసవి ఆదాయం మీదే బతికే రిసార్టులు, ఎర అమ్మే కొట్లు, లాంచీలు నడిపేవారు ఏ స్థితిలో పడ్డారో ఊహించండి.

కారణం ఒక్కటే అని చెప్పలేం. గుడ్లు పగులుతున్నాయి, పిల్లలు పుడుతున్నాయి. పుట్టిన పిల్లలు రెండో మూడో ఏడు దాకా బతకకపోవడమే అసలు దెబ్బ. 2005లో జీబ్రా మసెల్స్ అనే చారల ఆల్చిప్పలు ఈ సరస్సులో బయటపడ్డాయి. 2009లో స్పైనీ వాటర్‌ఫ్లీ అనే ముళ్లతోక ఉన్న చిన్న నీటిజీవి వచ్చింది. చేపపిల్లల మేతను ఇవి రెండూ లాగేసుకున్నాయి. నీరు మునుపటికంటే తేటపడింది. మసక వెలుగులో వేటాడే వాల్‌ఐకి ఆ తేటదనం మంచిది కాదు. పైగా పెద్ద చేపలు తమ జాతి పిల్లలనే తింటాయి.

కైకలూరు, భీమవరం వైపు పెరిగినవారికి చేపంటే చెరువు గుర్తుకొస్తుంది. పట్టుబడి అయ్యాక మళ్లీ పిల్లల్ని వదిలి పెంచుతారు. మిల్ లాక్స్ అలాంటిది కాదు. ఇక్కడి వాల్‌ఐలు ప్రధానంగా సరస్సులో తమంతట తాము గుడ్లుపెట్టి పెరిగినవే.

ఇప్పుడు వదిలేసిన చేప సంగతి. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. గాలానికి చిక్కి పెనుగులాడిన చేప అలసిపోతుంది. లోతు నుంచి గబగబా పైకి లాగితే ఒంట్లోని గాలితిత్తి ఉబ్బుతుంది. మన కళ్లముందు ఈదుకుంటూ పోయిన చేప కొంతసేపటికి చనిపోవచ్చు. నీటి వేడి 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక ఈ చావులు బాగా పెరుగుతాయి. వీటిని అంచనా కట్టి రాష్ట్ర వాటాలోనే జమ చేస్తారు. 2017 వేసవిలో ఒక్క వాల్‌ఐని కూడా ఇంటికి తీసుకెళ్లడానికి వీల్లేదని, పట్టినవన్నీ వదిలేయాలని నియమం పెట్టారు. అయినా జూలైలో వాల్‌ఐ వేటను పూర్తిగా మూసేయవలసి వచ్చింది. వదిలేసిన చేపల చావులే అంత లెక్క తేలాయి.

అందుకే మే చివర్లోనో జూన్ మొదటి వారాల్లోనో వెళ్లగలిగితే అప్పుడే వెళ్లండి. నడివేసవిలోనే వీలైతే ముందు నీటి వేడి ఎంతుందో అడగండి. లాంచీ నడిపేవారి సోనార్ తెరమీద అది కనబడుతుంది. 68 దాటితే రెండు మూడు వాల్‌ఐలు పడగానే ఆపేసి స్మాల్‌మౌత్ బాస్ చేపల వైపు మళ్లండి. అమెరికాలో బాస్ వేటకు అన్నిటికన్నా మంచి సరస్సుగా బాస్‌మాస్టర్ పత్రిక 2017లో ఈ మిల్ లాక్స్‌నే ఎంచింది, కాబట్టి మీ సరదాకు లోటేమీ ఉండదు. ఆపుదామన్న మాట మీ నోటే రావాలి. డబ్బిచ్చి ఎక్కినవారిని నొప్పించడం ఇష్టంలేక లాంచీవారు తమంతట తాము అనకపోవచ్చు.

చేపను తడి చేతులతో పట్టుకోండి, పొడి చేయి తగిలితే ఒంటిమీది జిగురు పొర ఊడిపోతుంది. గాలం గొంతులోకి దిగితే పీకకండి, దారం తెంపి వదిలేయండి. ఫోటో కోసం చేపను చేతి నుంచి చేతికి మార్చడం దయచేసి మానండి. పిల్లలు ఫోటో అడుగుతారని నాకూ తెలుసు. చేపను నీటి అంచునే ఉంచి ఒక్కటి తీయండి చాలు.

ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. వసంతంలో ఓజిబ్వేలు వలలు వేస్తారు. ఆ వలల వల్లే చేపలు పోయాయని లాంచీల మీద, బంకుల దగ్గర వినబడుతుంది. మనవాళ్లు కొందరు అదే తెచ్చి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు. దయచేసి పెట్టకండి. 1837 ఒప్పందంలో వారు భూమిని ఇచ్చారు, వేటాడే హక్కును, చేపలు పట్టే హక్కును అట్టేపెట్టుకున్నారు. ఆ హక్కు చెల్లుతుందని 1999లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2015లో వారి వాటా 11,400 పౌండ్లు, మన వాటాలో సగం కూడా లేదు. తరతరాలుగా ఆ ఒడ్డున బతుకుతున్నవారిని నిన్నగాక మొన్న వచ్చిన మనం వేలెత్తి చూపడం తగదు.

చారల ఆల్చిప్పల వంటివి మరో సరస్సుకు పాకకుండా, సొంత పడవ ఉన్నవారు ఇంటికి బయల్దేరేముందు అడుగు బిరడా తీసి నీరంతా కార్చేయండి, నాచు తుడవండి. మిగిలిన ఎరను చెత్తబుట్టలోనే వేయండి. ఇంట్లో అక్వేరియం చేపలు పెంచలేకపోతే చెరువులో వదలకండి. అలా వదిలిన గోల్డ్‌ఫిష్‌లు ఎంత పెద్దవైపోతాయో 2021లో బర్న్స్‌విల్‌లోని కెల్లర్ సరస్సులో చూశాం.

తెలుగు సంఘాల పెద్దలకు: వేసవి విహారాల తేదీలు ముందే ఖాయం చేస్తారు కాబట్టి, గాలాల సరదాను జూలై నుంచి జూన్ మొదటి వారానికి జరపండి. 16 ఏళ్లు నిండినవారికి లైసెన్సు తప్పనిసరని ఆహ్వానంలోనే రాయండి. ఎన్ని చేపలు, ఎన్ని అంగుళాలవి ఉంచుకోవచ్చన్న నియమం మిల్ లాక్స్‌లో ఏటా మారుతుంది, ఒక్కోసారి సీజన్ మధ్యలోనూ మారుతుంది. బయల్దేరే ముందురోజు సహజవనరుల శాఖ ప్రకటన చూసి, దాన్ని తెలుగులో రెండు ముక్కలుగా రాసి అందరికీ పంపండి.