"లైటింగ్ బాలేదు" అని రాయొద్దు, ఎన్ని లక్సులో రాయండి



మొన్న అమరావతిలో మనవాళ్లం కలిసినప్పుడు హాస్టళ్ల గురించి మాట్లాడుకున్నాం. అన్నం, బాత్రూములు, దుప్పట్లు అన్నీ వచ్చాయి. చివర్లో ఒక ఇంటర్ తమ్ముడు "అన్నా, రాత్రిపూట చదవడానికి వెలుగు చాలట్లేదు" అన్నాడు. "లైటు వెలుగుతోంది కదరా, ఇంకేం కావాలి" అన్నారు ఎవరో. అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే ఆ నవ్వు తప్పనిపించింది. అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

లైటు వెలగడం వేరు, పుస్తకం మీద వెలుగు పడటం వేరు. రెండోదానికి కొలత ఉంది. దాని పేరు లక్స్. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ వెలుగు పడితే ఒక లక్స్. బల్బు డబ్బా మీద వాట్లతో పాటు ల్యూమెన్లు కూడా వేసి ఉంటాయి. కరెంటు ఎంత తాగుతుందో వాట్లు చెబుతాయి, వెలుగు ఎంత ఇస్తుందో ల్యూమెన్లు చెబుతాయి. మనం వాట్లు చూసి ఆగిపోతాం.

గదుల్లో ఎంత వెలుగు ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 3646. దాని ప్రకారం పడక గదికి మామూలుగా 50 లక్స్ చాలు. క్లాస్‌రూమ్‌కి, ఎక్కువసేపు కూర్చుని చదివే చోటుకి 300 లక్స్ ఉండాలి. మరి మన హాస్టల్ హాలు ఏ లెక్కలోకి వస్తుంది? రాత్రి పది దాటాక అది పడక గదే. పది లోపల అదే మన స్టడీ రూమ్. లైట్లు మాత్రం పడుకోవడానికి సరిపడా బిగిస్తారు. అసలు గొడవ ఇదే. మ్యూజియంలలో పాత బట్టలు, కాగితాలు రంగు వెలిసిపోకుండా 50 లక్స్ దగ్గర ఉంచుతారు. పాత కాగితాన్ని దాచిపెట్టే వెలుగులో మన పిల్లలు ఫిజిక్స్ చదువుతున్నారు.

లెక్క వేసి చూద్దాం. హాలు 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, అంటే 60 చదరపు మీటర్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు నాలుగు. ఒక్కోటి సుమారు 2000 ల్యూమెన్లు, మొత్తం 8000. ఇవన్నీ పుస్తకం దాకా రావు. మాసిన గోడలు, పైకప్పు సగం తాగేస్తాయనుకుందాం, 0.5. దుమ్ము, ట్యూబు పాతబడటం వల్ల ఇంకొంచెం పోతుంది, 0.8. 8000ని 0.5తో, 0.8తో గుణిస్తే 3200. దాన్ని 60తో భాగిస్తే 53 లక్స్. చూశారా, సరిగ్గా పడక గది వెలుగు.

హాలంతా 300 లక్స్ కావాలంటే 23 ట్యూబులు బిగించాలి. అంత అడగక్కర్లేదు. హాల్లో 20 చదరపు మీటర్లు చదువుకి విడిగా పెడితే 8 ట్యూబులు చాలు. గోడలకి తెల్ల సున్నం వేసి ఆ 0.5ని 0.6 చేయగలిగితే 7 సరిపోతాయి. 8 ట్యూబులు రోజూ నాలుగు గంటలు వెలిగినా 0.64 యూనిట్. ఒక్క యూనిట్ కూడా కాదు.

"వీధి లైటు కింద చదివి పైకొచ్చినవాళ్లు లేరా" అంటారు కొందరు. ఉన్నారు, వాళ్లకి దండం. కానీ అదే వీధి లైటు కింద కళ్లు గుంజి, తల నొప్పి పుట్టి, పుస్తకం మూసేసినవాళ్ల కథ ఎవరూ చెప్పరు. తక్కువ వెలుగులో చదివితే చూపు పోతుందని మేం భయపెట్టట్లేదు. కళ్లు తొందరగా అలుస్తాయి, చదివే గంటలు తగ్గుతాయి. టేబుల్ లైటున్న ఇంట్లో పిల్లాడికి, మన తండా నుంచో యానాది కాలనీ నుంచో వచ్చిన పిల్లకి పరీక్ష పేపరు ఒక్కటే. చదివే వెలుగు మాత్రం ఒక్కటి కాదు.

కాబట్టి కొలవండి. ఫోన్లో లక్స్ మీటర్ యాప్ వేసుకోండి. సెన్సర్ సాధారణంగా ముందు కెమెరా పక్కనే ఉంటుంది, స్క్రీన్ పైకి పెట్టి, పుస్తకం ఉండే చోటే ఫోన్ ఉంచండి. నేల మీద కూర్చుని చదివితే నేల మీదే. మీ నీడ పడనివ్వద్దు. చీకటి పడ్డాకే కొలవండి. హాలు మధ్యలో, నాలుగు మూలల్లో, డబుల్ కాట్ కింది మంచం మీద, అన్నీ విడివిడిగా రాసుకోండి. ఫోన్లు ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి. ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ చదివే అన్నలు, అక్కలు మీ ల్యాబ్‌లో అసలు లక్స్ మీటర్ ఉందేమో అడిగి, ఒకసారి పోల్చి చూపించండి.

ఆ కాగితం ముందు వార్డెన్ గారికి మర్యాదగా ఇవ్వండి. చాలాసార్లు ఆయన చేతిలో కూడా డబ్బులుండవు, మీ కాగితం ఆయనకీ పనికొస్తుంది. కదలిక లేకపోతే సోమవారం నరసరావుపేట కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇద్దాం. "లైటింగ్ బాలేదు" అని రాస్తే "చూస్తాం" అంటారు. "ఉండాల్సింది 300, ఉన్నది 53, కావాల్సింది 8 ట్యూబులు" అని రాస్తే ఏదో ఒక జవాబు చెప్పాల్సిందే.

మీ హాస్టల్ పేరు ఇక్కడ పెట్టొద్దు. కొలిచిన అంకెలు మాత్రం కామెంట్‌లో పెట్టండి. ఆ రోజు నవ్వినందుకు ఆ తమ్ముడికి మేం బాకీ ఉన్నాం.