చాక్లెట్ కాగితాల సంచులు



చాక్లెట్లకు చుట్టి వచ్చే కాగితాలతో చేతిసంచులు, గాజులు, జడపట్టీలు బడిపిల్లల చేత చేయించడం మా బళ్ళారిలో కూడ మొదలైనది. పని మంచిదే. అది జరుగుతున్న తీరును గూర్చి మాత్రం తమ పత్రిక ద్వారా కొంత మనవి చేసుకొంటున్నాను.

క్రిందటి నెల, ఆరవ తరగతి చదివే మా మనవరాలికి బడినుండి ఒక చీటీ వచ్చినది. ఒకే రంగువి, చిరుగూ మరకా లేనివి, 300 కాగితాలు తేవలెనట. అన్ని కాగితాలు కావలెనంటే మా ఇంట ఎన్నాళ్ళు చాక్లెట్లు తినవలె? చివరకు మా కోడలు అంగడికి పోయి రెండు డబ్బాలు కొని తెచ్చినది. చాక్లెట్లు వలిచి గిన్నెలో పోసి, కాగితాలు బడికి పంపినాము. అవి ఎండకు కరిగి ముద్దయినవి. ఇంట పనిచేసే ఆమెకు ఇవ్వబోతే "ఇన్ని పెడితే పిల్లల పండ్లు పుచ్చిపోతాయి సామీ" అన్నది. చెత్తను వాడుకొనడానికి చెత్తను కొని తెచ్చినట్లయినది గదా! ముప్పై యేండ్లకు పైగా సర్కారు కచేరీలో గుమాస్తాపని చేసినవాడను. రెండవవైపు చిత్తు వ్రాయనిదే కాగితం పారవేసి ఎరుగను. నాకిది మింగుడుపడలేదు.

ఆ పనితనం మాత్రం చూచినకొద్దీ ముచ్చటగా ఉన్నది. కాగితాన్ని నిడివిగా మడచి పట్టీ చేస్తారు. పట్టీ కొసలు రెండూ నడిమికి మడచి, మళ్ళీ నడుమకు విరిస్తే ఒక కొక్కెం అవుతుంది. దాని రెండు కాళ్ళను ఇంకొక కొక్కెం సందులలోనికి దూర్చాలి. అట్లా గొలుసు సాగుతుంది. జిగురు లేదు, సూది లేదు. గొలుసులను ప్రక్కప్రక్కన పేర్చి దారంతో కుట్టితే సంచి. విదేశాలలో చ్యూయింగ్ గమ్ కాగితాలతో ఈ గొలుసులు ఏనాటినుండో అల్లుతున్నారు. కాగితాలను ముందు సబ్బునీళ్ళతో కడిగి ఆరవేయవలెను. మేము కడుగలేదు, సంచికి చీమలు పట్టినవి.

ఇట్టి విద్య మన ఇండ్లకు కొత్త కాదు. మా అవ్వ చిరిగిన చీరలతో బొంత కుట్టేది. ఇరుగుపొరుగు కన్నడంవారు దానినే కౌది అంటారు. పాత శుభలేఖలతో బుట్టలు కుట్టని ఇల్లు మా వీధిలో ఉండేది కాదు. మన జిల్లాలోని సండూరు లంబాడీ స్త్రీలు గుడ్డముక్కలు అతికి, అద్దాలు గవ్వలు పొదిగి చేసే కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2023 జూలైలో హంపిలో జీ-20 సమావేశం జరిగినప్పుడు, 450 మందికి పైగా స్త్రీలు కుట్టిన 1755 అతుకుపనులను ప్రదర్శించగా అది గిన్నిస్ పుస్తకానికి ఎక్కినది. ముక్కలు కుట్టే చేతికి అక్కడ గౌరవం దక్కినది.

మా మనవరాలి సంచికి అస్తరు లేదు. మా వీధిలో కూలికి జీన్సు ప్యాంట్లు కుట్టే ఒక ఆమె, తన మిషను ప్రక్కన పడియున్న కత్తిరింపు ముక్కతో అస్తరు వేసి జిప్పు కూడ కుట్టి ఇచ్చినది. లేకుంటే అది రెండు దినాలు నిలిచేది కాదు. బడి ప్రదర్శనలో సంచికి మొదటి బహుమానం వచ్చినది. చప్పట్లు కొట్టినాము. ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు, ముందువరుసలో కూర్చున్న నేను కూడ ఎత్తలేదు. మరునాడు 50 రూపాయలు తీసుకొనిపోతే "పాపకు కుట్టినదానికి దుడ్డెందుకు" అని పుచ్చుకొనలేదు.

ఇంకొక సంగతి. ఈ కాగితం నిషేధమైనదని కొందరు అనుకొంటున్నారు. 2022 జూలై 1 నుండి నిషేధమైనవి మిఠాయిలకు గ్రుచ్చే ప్లాస్టిక్ పుల్లలు, మిఠాయి డబ్బాలపై చుట్టే పలుచని పొర వంటివి. చాక్లెట్ కాగితం ఆ పట్టికలో లేదు. పేరుకు కాగితమే గాని చాలావరకు అది ప్లాస్టిక్కు, కొన్నింటికి లోహపు పూత. పొరలు విడదీయడం కష్టం గనుక గుజరీ అంగడివాడు ముట్టడు, మురుగుకాలువలో చేరుతుంది. ప్యాకింగు వ్యర్థాన్ని సేకరించే బాధ్యత తయారీదారులదేనని కేంద్రప్రభుత్వం అదే సంవత్సరం నిబంధనలు చేసినది. పిల్లలు నాలుగు సంచులు అల్లినంతమాత్రాన ఆ బాధ్యత వారికి తీరదు.

కావున ఉపాధ్యాయులకు నా మనవి. ఇకమీదట రంగు, లెక్క నిర్ణయించి చీటీలు పంపవద్దు. బడి ఆవరణలో, అంగడి ముందర రాలినవి ఏరి తెమ్మనండి. రంగులు కలిసినా సంచి సంచే. మా ఊళ్ళో జీన్సు ముక్కలకు కరువు లేదు, వాటిని కూడ కలపండి. మిషను కుట్టే స్త్రీలను పిలిపించి, పూటకూలి ఇచ్చి, పిల్లలకు నేర్పించండి. ప్రదర్శననాడు వారి పేర్లు బల్లమీద వ్రాసిపెట్టండి.

మా సంచిని ఆమెయే విప్పి, కడిగి, తిరిగి కుట్టినది. ఈసారి కూలి తీసుకొన్నది. అందులో ఇప్పుడు బీరువా తాళాలు పెట్టుకొంటున్నాము.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బళ్ళారి.