వేడిని చూసే కన్ను తెరుచుకోకపోతే...

ఏప్రిల్ నెలాఖరు. సాయంత్రం ఏడు దాటింది. చందర్లపాడు లాంటి మండల కేంద్రంలో ఓ 33/11 కేవీ సబ్‌స్టేషన్ అనుకోండి. పగలంతా కాగిన కంకర ఇంకా సెగ కక్కుతూనే ఉంది. ఊళ్లో ఒక్కో ఇంట్లో కూలర్లు తిరగడం మొదలైంది. కంట్రోల్ రూములో ఆపరేటర్ గంటగంటకీ రాసే లాగ్ పుస్తకంలో ఆంపియర్లు ఎగబాకుతున్నాయి. సరిగ్గా ఈ వేళ కోసమే ఏఈ ఎదురుచూస్తున్నాడు. పై ఆఫీసు బీరువాలో నెలల తరబడి పడున్న థర్మల్ కెమెరాను అడిగి మరీ తెప్పించుకున్నాడు. యార్డులో ఏ క్లాంప్ లోలోపల కాలిపోతోందో ఇవాళ చూసేయాలి.

బటన్ నొక్కాడు. తెర నల్లగానే ఉంది. మళ్లీ నొక్కాడు. ఊహూఁ!

''చార్జింగ్ పెట్టలేదా సార్?'' అన్నాడు లైన్‌మన్. ఏఈ కంటే పాతికేళ్లు పెద్దవాడు.

''వచ్చేముందు పావుగంట పెట్టాగా బాబాయ్!''

''పావుగంటకి నా ఫోనే నిండదండీ...''

లైన్‌మన్ మాటలో సగం జవాబు ఉంది. మిగతా సగం తెలియాలంటే ఆ కెమెరా ఏం చేస్తుందో, అది లేకపోతే ఏం పోతుందో చూడాలి.

ఇలాంటి సబ్‌స్టేషన్లో 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే, పూర్తి లోడు మీద దాని 11 కేవీ వైపు ఒక్కో ఫేజులో సుమారు 260 ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఆ కరెంటంతా బోల్టులు బిగించిన క్లాంపుల గుండానే పోవాలి. ఎక్కడో ఒక బోల్టు కాస్త వదులైంది. అక్కడ నిరోధం ఓమ్‌లో వెయ్యో వంతుకు చేరిందనుకోండి. వినడానికి ఎంత చిన్న సంఖ్య! కానీ ఆ జాయింట్ దగ్గర పుట్టే వేడి సుమారు 68 వాట్లు. పాతకాలపు 60 వాట్ల బల్బును గుప్పిట్లో పట్టుకున్నట్టే. ఆ వేడికి లోహం మీద తుప్పుపొర పెరుగుతుంది. పొర పెరిగితే నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే ఇంకా వేడి. చివరికి ఏ అర్ధరాత్రో జంపర్ తెగి పడుతుంది, ఫీడర్ ఫీడరంతా చీకటి.

మరి పగలే చూసుకోవచ్చుగా? లోడు సగానికి తగ్గితే వేడి సగం కాదు, పావువంతు అవుతుంది. 68 వాట్లు కాస్తా 17కు పడిపోతాయి. పైగా ఎండకు కాగిన లోహం ఏదో, కరెంటుకు కాగింది ఏదో తేల్చడం కష్టం. వేసవిలో ఎండల వార్త వచ్చిందంటే నందిగామ పేరు వినపడని ఏడాది అరుదు. ఆ ఎండలో మధ్యాహ్నం కెమెరా పెడితే యార్డులో ప్రతి ఇనుప ముక్కా నిప్పుకణికలాగే కనిపిస్తుంది. అందుకే పొద్దుగూకాక, లోడు మీదున్నప్పుడు చూడాలి. అంటే రోజులో దొరికేది కాస్త సమయమే. ఆ కాస్తలోనే కెమెరా మొరాయిస్తే ఏఈకి ముచ్చెమటలు పట్టవూ!

గాజు లేని కన్ను

ఎరుపు రంగుకు అవతల కంటికి కనపడని కిరణాలున్నాయని 1800లో కనిపెట్టింది విలియం హెర్షెల్. అంతకు ముందు 1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొన్నదీ ఆయనే. పట్టకంతో సూర్యకాంతిని రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, ఏమీ లేదనుకున్న చోట పాదరసం ఇంకా పైకెక్కింది. అవే పరారుణ కిరణాలు. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ వాటిని వెదజల్లుతుంది. మనిషి ఒళ్లూ, పొయ్యి మీది గిన్నే, కాలుతున్న క్లాంపూ.

చేత్తో పట్టుకునే థర్మల్ కెమెరాలు ఎక్కువగా 8 నుంచి 14 మైక్రాన్ల పొడవున్న తరంగాలను చూస్తాయి. మామూలు గాజు వాటిని లోపలికి రానివ్వదు. అందుకే దీని లెన్సును జెర్మేనియంతో చేస్తారు. లోపల ఫిల్ముకు బదులు వేలకొద్దీ అతిచిన్న వంతెనల్లాంటి చుక్కలు. చాలా కెమెరాల్లో అవి వెనేడియం ఆక్సైడ్‌తో చేసినవి. వేడి తగిలితే ఆ చుక్క నిరోధం మారుతుంది. ఆ మార్పునే లోపలి కంప్యూటర్ రంగుల బొమ్మగా గీస్తుంది. డిగ్రీలో పదోవంతు తేడాను కూడా పట్టేస్తుంది. అన్నట్టు 2020లో కరోనా రోజుల్లో దుకాణాల గుమ్మాల దగ్గర నుదుటికి గురిపెట్టిన 'తుపాకీ' పట్టుకున్నదీ ఈ కిరణాలనే. కాకపోతే అది ఒక్క అంకె చెప్పి ఊరుకుంటుంది, ఇది బొమ్మ చూపిస్తుంది.

జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్న సంగతి తెలిసిందేగా. సిమెంటు బట్టీలో సరుకు 1450 డిగ్రీల దాకా కాగుతుంది. లోపలి ఇటుక ఊడితే బయటి ఉక్కు గొట్టం ఎర్రబారుతుంది. అందుకే పెద్ద బట్టీల పక్కన ఇలాంటి కన్నునే ఒకదాన్ని రాత్రింబవళ్లు కాపలా పెడతారు. సబ్‌స్టేషన్లో అంత భాగ్యం లేదు. కెమెరా ఎక్కడిదో అడిగి తెచ్చుకోవాలి, వాడుకుని ఇచ్చేయాలి. మిగతా కాలమంతా బీరువాలో. జబ్బు మొదలయ్యేది ఆ బీరువాలోనే.

చచ్చిందా? నిద్రపోయిందా?

మొదట తేల్చుకోవాల్సింది కెమెరా అసలు లేవడం లేదా, లేచినా తెర వెలగడం లేదా అన్నది. దానికి చెవి చాలు. చాలా థర్మల్ కెమెరాల్లో లెన్సు వెనక చిన్న రేకు తలుపు ఉంటుంది. చుక్కలన్నీ ఒకే లెక్కకు రావడానికి కెమెరా అప్పుడప్పుడూ ఆ తలుపును మూసి తెరుస్తుంది. 'టిక్' మని చప్పుడు. కొత్తగా వాడేవాళ్లు ఆ చప్పుడుకే ఏదో విరిగిందని కంగారు పడుతుంటారు, కానీ అది దాని గుండె చప్పుడు. బటన్ నొక్కాక ఓ నిమిషం ఆగి వినాలి. కంప్యూటర్‌లాగే దీనికీ లేవడానికి కొంత సమయం పడుతుంది మరి. టిక్‌మని వినిపిస్తే కెమెరా బతికే ఉంది, పోయింది తెర. ఏ చప్పుడూ లేదా? అనుమానం బ్యాటరీ మీదికి మళ్లాలి.

లోపలుండేది ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీయే. ఒక్కో గడి నిండితే 4.2 వోల్టులు. వాడకపోయినా కొద్దికొద్దిగా కారిపోతూనే ఉంటుంది. కెమెరాలోని గడియారం కూడా కాస్త తాగుతుంది. వోల్టేజీ మరీ పడిపోతే బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ తనంతట తానే తలుపులు బిడాయించేస్తుంది. అప్పుడు చార్జర్ పెట్టినా లైటు వెలగకపోవచ్చు. మంచి చార్జర్ అలాంటి బ్యాటరీకి నీరసించిన మనిషికి గంజి పట్టినట్టు ముందు కొద్దికొద్దిగానే కరెంటు ఎక్కిస్తుంది. అందుకే పావుగంట చూసి 'ఇక పోయింది' అని తేల్చేయడం తొందరపాటు. కెమెరాతో వచ్చిన చార్జర్‌తోనే, మూడు నాలుగు గంటలు వదిలేయాలి. ఎవరి ఫోన్ తీగో పెడితే అది సరిపడా కరెంటు మోయకపోవచ్చు. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం చార్జింగ్ జోలికే పోకూడదు.

ఇంకో సంగతి ఈ ప్రాంతం వాళ్లకు బాగా పనికొస్తుంది. ఈ బ్యాటరీలకు చార్జింగ్ సాధారణంగా 45 డిగ్రీల లోపే ఎక్కాలి. అది దాటితే చాలా పరికరాలు చార్జింగ్ తీసుకోవు. మే నెలలో జీపు ముందు అద్దం కింద పెట్టిన కెమెరా ఆ గీతను ఎప్పుడో దాటేస్తుంది. నీడపట్టున, ఫ్యాను కింద గంటసేపు చల్లారనిచ్చి అప్పుడు చార్జర్ పెట్టాలి. 'త్వరగా చల్లబడుతుంది కదా' అని ఫ్రిజ్‌లో పెట్టే మహానుభావులున్నారు. బయటికి తీయగానే లోపలా బయటా చెమ్మ పడుతుంది. అసలు రోగం కంటే ఆ వైద్యమే ప్రమాదం.

చార్జింగ్ నిండినా లేవలేదు. ఇప్పుడు చూడాల్సింది బ్యాటరీ కెమెరాకు తగిలే రాగి రేకులు. మిర్చి కల్లాల మీది దుమ్ము, సిమెంటు లారీల వెనక లేచే బూడిద... ఈ దారుల్లో తిరిగే పరికరానికి ఇవి తప్పవు. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో రేకుల్ని తుడిచి, ఆరాక మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి. ఊళ్లోని వదులు జాయింట్లన్నీ వెతకాల్సిన కెమెరా, తన పొట్టలోని వదులు జాయింట్ వల్లే పడుకుండిపోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

అదీ కాకపోతే పవర్ బటన్‌ను వదలకుండా పది పదిహేను సెకన్లు నొక్కి పట్టాలి. చాలా మోడళ్లలో ఎక్కడో ఇరుక్కుపోయిన కంప్యూటర్ దాంతో మొదటికొస్తుంది. ఎన్ని సెకన్లన్నది మాన్యువల్లో ఉంటుంది. మెమరీ కార్డు తీసేసి కూడా ఓసారి ప్రయత్నించాలి. పాడైన కార్డును చదవబోయి అక్కడే ఆగిపోయే కెమెరాలూ ఉంటాయి. ఆ కార్డును పారేయకూడదు, ఫార్మాట్ అసలే చేయకూడదు. పోయినేడాది ఇదే క్లాంప్ ఎంత వేడిగా ఉందో చెప్పే బొమ్మలు దాన్లోనే ఉండొచ్చు.

కంపెనీ బొమ్మ వచ్చి అక్కడే నిలిచిపోతే మాత్రం గొడవ సాఫ్ట్‌వేర్‌ది. చేయి తిరిగిన కుర్రాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. అదే మోడల్ కెమెరా ఇంకొకటి ఎక్కడుందో పట్టుకుని, దాని సాఫ్ట్‌వేర్ మొత్తం తెచ్చి దీన్లో పోస్తారు. కెమెరా లేస్తుంది. బొమ్మ వస్తుంది. అంతా చప్పట్లు. కానీ ఏ చుక్క ఎంత వేడికి ఎంత మారుతుందన్న లెక్కను ఫ్యాక్టరీలో ఒక్కో కెమెరాకూ విడివిడిగా కొలిచి లోపల రాసిపెడతారు. పక్కవాడి కళ్లజోడు పెట్టుకుంటే అక్షరాలు కనిపిస్తాయి గానీ, అది మూడో ఎనిమిదో చెప్పలేం. 90 డిగ్రీల క్లాంప్‌ను 60 అని చూపించే కెమెరా కంటే అసలు లేవని కెమెరాయే నయం. లేవని కెమెరాను ఎవరూ నమ్మరు కాబట్టి. ఈ దశకు వస్తే సర్వీసు సెంటర్‌కు పంపడమే. స్క్రూలు విప్పడం అసలే వద్దు.

లేచాక ఓ పరీక్ష

నెలల తరబడి పడుకున్న కెమెరా లేవగానే దాని మాట నమ్మేయకూడదు. ఆన్ చేసి కొన్ని నిమిషాలు కుదురుకోనివ్వాలి. తర్వాత వంటింటి సామాను చాలు. వెడల్పాటి గిన్నెలో ఐసుముక్కలు, కాసిని నీళ్లు పోసి బాగా కలిపి పైనుంచి చూస్తే సున్నాకు అటూఇటూగా చూపించాలి. ఇలాంటి చాలా కెమెరాలకు రెండు డిగ్రీల తేడాను తయారీదారులే ఒప్పుకుంటారు. పది డిగ్రీలు తేడా వస్తే మాత్రం నమ్మకూడదు.

ఇంకోటి, ఇది పిల్లలకు చూపిస్తే సరదా పడతారు. స్టీలు గ్లాసుకు నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, వేడినీళ్లు పోసి చూడాలి. టేపు వేడిగా కనిపిస్తుంది. పక్కనే మెరిసే స్టీలు మాత్రం చల్లగా ఉన్నట్టు అబద్ధం చెబుతుంది! మెరిసే లోహం తన వేడిని సరిగ్గా వెదజల్లదు, ఎదుటివాటి వేడిని అద్దంలా చూపిస్తుంది. కొత్త అల్యూమినియం క్లాంపుదీ ఇదే తంతు. అందుకే అనుభవమున్న ఇంజినీర్లు ఒక్క అంకెను పట్టుకుని వేలాడరు. ఆర్, వై, బి... మూడు ఫేజుల్లో ఒకేలాంటి క్లాంపులు, లోడూ దాదాపు ఒకటే. రెండు ఒకలా ఉండి మూడోది మాత్రం బాగా వేడిగా ఉందంటే జబ్బు అక్కడుంది.

ఇక మన ఏఈ సంగతి. జీపులో కాగిన కెమెరాను కంట్రోల్ రూములో ఫ్యాను కింద పెట్టారు. చల్లారాక లైన్‌మనే పెట్టెలోంచి అసలు చార్జర్ వెతికి తీసి గుచ్చాడు. గంటన్నర దాకా ఏ లైటూ లేదు. ఏఈ మూడుసార్లు లేచి చూశాడు, మూడుసార్లూ ''ఉండండి సార్'' అనిపించుకున్నాడు. ఆ తర్వాత ఎర్ర చుక్క వెలిగింది. పది దాటాక బటన్ నొక్కితే అర నిమిషానికి 'టిక్'మంది. ఊళ్లో కూలర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, లోడు దిగలేదు. ఆపరేటర్ ఇంటి నుంచి తెప్పించిన ఐసునీళ్ల గిన్నె ఒక డిగ్రీ చూపించింది.

కంచె దాటకుండా, దూరం నుంచే యార్డంతా తిప్పి చూశారు. ఆర్ ఫేజు బుషింగ్ క్లాంప్ 48. వై 49. బి దగ్గర తెల్లటి చుక్క... 97.

''రేపు పొద్దున్నే ఆరింటికి ఎల్‌సీ తీసుకుందాం బాబాయ్'' అన్నాడు ఏఈ, బొమ్మను కార్డులో దాస్తూ. లైన్‌మన్ అప్పటికే స్పానర్ల సంచీ పక్కన పెట్టుకుంటున్నాడు. ఆపరేటర్ లాగ్ పుస్తకంలో రాశాడు. 10.25, బి ఫేజు, 97 డిగ్రీలు.