ఖరగ్‌పూర్ ఇళ్లకు ముస్తాబు కన్నా ముందు పైకప్పు

ఖరగ్‌పూర్: పట్టణం పొరుగునే ఉన్న కలైకుండాలో 2024 ఏప్రిల్ 30న 47.2 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైంది. ఈ రైల్వే పట్టణంలో ఇంటిని కొత్తగా తీర్చిదిద్దుకోదలచినవారు ఫాల్స్ సీలింగ్‌కు, మాడ్యులర్ కిచెన్‌కు ముందు పరిగణించవలసింది ఈ అంకెనే.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం తరాలుగా క్వార్టర్లలోనే జీవించాయి. క్వార్టరులో గోడ మార్చాలన్నా రైల్వే అనుమతి అవసరం. పదవీ విరమణ తరువాత దానిని ఖాళీ చేయక తప్పదు. అందువల్ల భవిష్యనిధి, గ్రాట్యుటీ సొమ్ముతో కొనుక్కున్న ఫ్లాటులోనే ముచ్చటలన్నీ తీర్చుకోవాలన్న ఆరాటం సహజం. షోకేసు, పూజామందిరం వరకు అభ్యంతరమేమీ లేదు. చిక్కంతా పైకప్పు దగ్గరే.

పగలంతా ఎండను పీల్చుకున్న కాంక్రీటు శ్లాబు రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఫాల్స్ సీలింగ్ దానిని కొంత అడ్డుకున్నా, శ్లాబు వేడెక్కడాన్ని ఆపలేదు. పైగా గది ఎత్తును తగ్గిస్తుంది. శ్లాబుపై వేసే తెల్లని పూత ఎండలో అధిక భాగాన్ని ముందే తిప్పికొడుతుంది. తెలంగాణ 2023లోనే కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించి, 600 చదరపు గజాలు, అంతకుమించిన స్థలాల్లోని నివాసాలకు దీనిని తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకు మాత్రం ఐచ్ఛికం. వేడికి ఎక్కువగా ఉడికిపోయేది ఆ ఇళ్లే.

2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మరమ్మతులో ఆ మేరకు మిగిలే సొమ్మును పూతకు వెచ్చించడం మేలు. అయితే దుమ్ము, నాచు పేరుకుంటే పూత గుణం సన్నగిల్లుతుంది కనుక వర్షాకాలం ముగిశాక డాబాను కడగాలి. అపార్టుమెంటులో డాబా ఉమ్మడి ఆస్తి; పై అంతస్తువారు ముందుగా మిగతా యజమానులను ఒప్పించవలసి ఉంటుంది.