పార్కు జాగ బడికిస్తే తప్పేమిటి?

పార్కు జాగను కబ్జాదారు మింగితే కొట్లాడటం తేలిక. దొంగ ఎవరో కళ్లముందే కనబడుతుంటాడు. అదే జాగను ఒక సర్కారు శాఖ ఇంకో సర్కారు శాఖకు అప్పజెప్పితే? తీసుకునేది బడే అయితే? 'పిల్లల చదువుకు అడ్డం పడతారా?' అన్న ఒక్క మాట చాలు, అడిగినవాడి నోరు మూతపడుతుంది. ఈ ముచ్చట మీద మనం నిమ్మళంగా ఆలోచించింది తక్కువ. అమెరికాలో రెండు ఊళ్ల జనం ఆలోచించారు, కోర్టుల దాకా వెళ్లారు. వాళ్ల గొడవ మనకెందుకు అనుకునేవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి. రాజేంద్రనగర్ దాకా మళ్లీ వస్తాం.

అమెరికాలో 'స్కూల్ డిస్ట్రిక్ట్' అంటే మన జిల్లా కాదు, డీఈఓ ఆఫీసూ కాదు. చాలా రాష్ట్రాల్లో దానికి సొంత పాలకమండలి, సొంత పన్ను, సొంత ఆస్తులు ఉంటాయి. తెలంగాణ నుంచి పోయి అక్కడ కొలువులు చేసుకుంటున్న మన పిల్లలు ఇల్లు కొనేముందు అడిగే మొదటి ప్రశ్న, అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ ఎట్లాంటిదని. పార్కు నగరపాలక సంస్థది, బడి బోర్డుది. కొత్త బడికి జాగ కావాలంటే ఇళ్లు కొని కూలగొట్టాలి, అది ఖరీదు. పార్కయితే కాగితం మీద శాఖ పేరు మారిస్తే అయిపోతుంది. చెట్లకు పరిహారం అడిగే నోరు లేదు, ఆడుకునే పిల్లలకు ఓటు లేదు. బడి కట్టాలనుకున్న ప్రతి అధికారి కన్నూ ముందు మైదానం మీద పడేది ఇందుకే.

మసాచుసెట్స్ రాష్ట్రంలో వెస్ట్‌ఫీల్డ్ ఒక చిన్న నగరం. అక్కడ క్రాస్ స్ట్రీట్ ఆటస్థలం ఉంది. మొత్తం 5.3 ఎకరాలు. పాత యజమాని పన్ను కట్టకపోవడంతో 1939లో నగరం చేతికొచ్చిన భూమి. 1957లో నగరం చేసిన శాసనమే దాన్ని ఆటస్థలంగా గుర్తించింది. 1979లో దాన్ని బాగుచేయడానికి ఫెడరల్ సర్కారు నిధి తీసుకున్నారు. తరాల కొద్దీ పిల్లలు అక్కడ బేస్‌బాల్ ఆడారు. 2011లో కొత్త ప్రాథమిక పాఠశాల కట్టడానికి నగర కౌన్సిల్ ఈ మైదానాన్నే ఎంచుకుంది. బడి అవసరం లేదని ఎవరూ అనలేదు. ఈ మైదానమే ఎందుకన్నది జనం అడిగిన ప్రశ్న. జవాబు దొరకక కోర్టుకెక్కారు.

నగరం వాదన మన రెవెన్యూ అధికారుల వాదనకు అచ్చు తోబుట్టువు. ఇది శాశ్వతంగా పార్కేనని దస్తావేజుల్లో ఎక్కడా నమోదు కాలేదట. కాబట్టి నగరం ఇష్టం. కింది కోర్టు తుది తీర్పులో ఆ మాటే ఒప్పుకుంది. అప్పీళ్ల కోర్టూ అదే అన్నది. 2017లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం మాత్రం రెండింటినీ పక్కనబెట్టింది. రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే సాక్ష్యం కాదు. నగరం ఈ జాగను ప్రజలకు అంకితం చేసినట్టు దాని చేతలే స్పష్టంగా చెబుతుంటే, ప్రజలు దాన్ని పార్కుగా వాడుకుంటూ వస్తుంటే, అది పార్కే. ఆటస్థలం పేరు మీద ఫెడరల్ నిధి తీసుకున్నప్పుడే నగరం మాట ఇచ్చినట్టని తేల్చింది.

ఆ మాట వెనుక రెండు చట్టాలున్నాయి. ఒకటి 1965 నాటి ఫెడరల్ చట్టం. దాని కింద వచ్చే నిధితో బాగుపడిన మైదానాన్ని వేరే పనికి వాడాలంటే కేంద్ర అనుమతి కావాలి, అంతే విలువైన, అంతే పనికొచ్చే మరో జాగను బదులు చూపాలి. రెండోది ఆ రాష్ట్ర రాజ్యాంగానికి 1972లో ప్రజలు ఓటు వేసి చేర్చుకున్న 97వ అధికరణం. పార్కు భూమిని ఇంకో పనికి మళ్లించాలంటే శాసనసభ రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది పేరుపేరునా ఓటు వేయాలి. ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో రికార్డుకెక్కుతుంది. 2022లో చేసిన ఇంకో చట్టం బదులు భూమి చూపడాన్ని రాష్ట్రమంతటా నిబంధన చేసింది. అంటే బడి కట్టొద్దని అక్కడ ఎవరూ శాసించలేదు. కడితే పదిమందిలో చెప్పి కట్టండి, పోయిన జాగకు జాగ ఇచ్చి కట్టండి అన్నారు, అంతే.

షికాగో కథ ఇంకా చేదు. నగరం దక్షిణాన వాషింగ్టన్ పార్కు ఉంది. నల్లజాతి జనం ఎక్కువగా ఉండే ప్రాంతం. ఆ పార్కులో, డగ్లస్ పార్కులో కొంత జాగ తీసి బడి కడతామని సర్కారు సంస్థలు తలపెట్టాయి. పౌరులు కోర్టుకు పోయారు. 1970లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ఒక మేలు చేసింది: పార్కు ప్రజల ఆస్తి, సర్కారు దానికి ధర్మకర్త మాత్రమే, కాబట్టి మామూలు పౌరుడికి కూడా కోర్టులో నిలదీసే హక్కుంది అన్నది. కానీ కేసులో పౌరులు ఓడారు. తీసుకునేది కొంచెమే, దక్కే మేలు ఆ బస్తీకే అన్న వాదన నెగ్గింది. వాషింగ్టన్ పార్కులో కట్టిన డయట్ పాఠశాల 1972లో తెరుచుకుంది. గొప్ప సంగీత గురువు వాల్టర్ డయట్ పేరు పెట్టారు.

నలభై ఏండ్లు గడిచాయి. 2012లో షికాగో విద్యా బోర్డు ఆ బడిని క్రమంగా మూసేయాలని తీర్మానించింది. ఫలితాలు బాగాలేవన్నారు. ఆ బోర్డు ప్రజలు ఎన్నుకున్నది కాదు. 1995 నుంచి సభ్యులను నియమించేది మేయరే. 2013లో అదే బోర్డు దాదాపు 50 బడులకు ఒక్కసారిగా తాళం వేసింది. ఖాళీ అయిన బడి భవనాలు అమ్మకానికి వచ్చాయి. డయట్ కోసం తల్లిదండ్రులు, బస్తీ జనం 2015 ఆగస్టులో నిరాహార దీక్షకు కూర్చున్నారు. 34 రోజులు. నీళ్లు, పళ్లరసాల మీద బతికారు. దీక్ష అంటే ఏమిటో తెలిసిన నేల మనది, ఆ 34 రోజులు ఎంత పొడుగో వేరే చెప్పనక్కరలేదు. 2016లో కళల పాఠశాలగా అది మళ్లీ తెరుచుకుంది. దీక్ష చేసినవాళ్లు కోరింది ఆ తీరు బడిని కాదు. షికాగో ప్రజలకు బోర్డు సభ్యులను ఎన్నుకునే అవకాశం 2024 నవంబరులో గాని రాలేదు.

చదువు పేరు చెప్పి పార్కులో జాగ తీసుకున్నవాళ్లే తర్వాత ఆ చదువుకు తాళం వేయబోయారు. బడి మూతపడితే ఆ నేల మళ్లీ పార్కు అవుతుందని ముందే రాసుకోకపోతే, బడి ఆస్తి రేపు 'మిగులు ఆస్తి' అవుతుంది, ఎల్లుండి వేలం పాట అవుతుంది.

ఇప్పుడు ఇంటి సంగతి. పార్కు మీద పౌరుడి హక్కును మన గడ్డ మీద కూడా కోర్టు గుర్తించింది. హైదరాబాద్ అభివృద్ధి ప్రణాళికలో విహార స్థలంగా చూపిన భూమిని జీవిత బీమా సంస్థ, ఆదాయపు పన్ను శాఖ కొని తమ ఉద్యోగులకు ఇళ్లు కట్టబోతే, 1987లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు దామోదర్ రావు కేసులో వద్దన్నది. కొన్నది సర్కారు సంస్థలే, కట్టేది ఉద్యోగుల ఇళ్లే. అయినా ప్రజల జీవించే హక్కులో ఆ ఖాళీ స్థలం భాగమన్నది. ఉద్యోగులే ఎక్కువగా చదివే పత్రికలో ఈ మాట రాయడం కొందరికి రుచించదు. ఇంటి జాగ అవసరాన్ని మేం కాదనం. దానికి పార్కు ఎందుకన్నదే ప్రశ్న.

2006లో ఉమ్మడి సర్కారు కోకాపేట భూములు వేలం వేస్తే మన జాగలు అమ్ముకుంటున్నారని కొట్లాడాం. 2023లో మన సర్కారు అక్కడే ఎకరం వంద కోట్లు దాటిందని చెబితే మనలో చాలామందిమి మురిసిపోయాం. అమ్మినవాడు మనవాడైతే జాగ పోయినట్టు కాదా? అదే ఏడాది చివర్లో కొత్త సర్కారు వచ్చి రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల చేతుల్లోని 100 ఎకరాలను కొత్త హైకోర్టుకు కేటాయించింది. 2024 జనవరిలో విద్యార్థులు రోడ్డెక్కారు. జయశంకర్ సారు పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయమది. 2024 మార్చి 27న పునాదిరాయి పడింది. ఇక్కడా ఇచ్చింది సర్కారే, తీసుకుంటున్నదీ ప్రజల సంస్థే. హైకోర్టుకు కొత్త భవనం కావాలన్నది నిజమే. అయినా చెట్లున్న జాగ, పరిశోధన సాగే జాగ ఖాళీ జాగ ఎట్లా అవుతుంది? 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి యంత్రాలు వచ్చినప్పుడు సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని ఆపాల్సి వచ్చింది.

బడికి వ్యతిరేకంగా రాస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. ఆటస్థలం లేని సర్కారు బడులు, అపార్టుమెంటు అంతస్తుల్లో నడిచే ఇంటర్ కాలేజీలు మనకు కొత్త కాదు. అసలు పార్కు మీద మొదటి హక్కు అట్లాంటి బడి పిల్లలదే. పొద్దున గేటు తీసి వాళ్లను ఆడుకోనిస్తే చాలు, గోడలు కట్టక్కరలేదు. కానీ జరుగుతున్నది వేరు. లేఅవుట్‌లో పార్కుకని వదిలిన ముక్కలో ముందు వాటర్ ట్యాంకు వస్తుంది, తర్వాత కమ్యూనిటీ హాలు, ఆ తర్వాత వార్డు ఆఫీసు. ఒక్కొక్కటీ మంచిదే. అన్నీ అయ్యాక పార్కు బోర్డు ఒక్కటి మిగులుతుంది.

అందుకే శాసనసభలో ఒక చట్టం రావాలని అడుగుతున్నాం. పార్కు, ఆటస్థలం, విశ్వవిద్యాలయ భూమి ఏ సర్కారు శాఖకు ఇచ్చినా సరే, జీవోతో కాదు, సభలో పేరుపేరునా ఓటుతో ఇవ్వాలి. పోయిన ఎకరానికి ఆ చుట్టుపక్కలే ఎకరం చూపాలి. అడిగిన పనికి వాడకపోతే జాగ తిరిగి రావాలి. రాజేంద్రనగర్ 100 ఎకరాలకు బదులు భూమి ఎక్కడ చూపుతారో, సర్వే నంబర్లతో సహా ముందు చెప్పాలి.