ప్రాజెక్టు పని బజారులో కొనేది కాదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ఉన్నత పాఠశాలల్లో పదో తరగతి పాఠాలు జోరుగా సాగుతున్నాయి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఇళ్ళల్లో పెద్దలు పిల్లలను అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "ఎన్ని మార్కులొచ్చాయి?" ఏమి నేర్చుకున్నావని అడిగేవారు అరుదు. అడగాలని ఉన్నా, మాకు చదువు రాదు గదా అని వెనుకాడే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. ఆ సంకోచం అక్కరలేదు. ఈ ఏటి పాఠాలలో చాలా భాగం మన కల్లాల్లో, కాలువ గట్లమీద, మన ముసలివారి జ్ఞాపకాలలో ఉన్నదే.

పూర్వం పదో తరగతికి పదకొండు పేపర్లుండేవి. ఇప్పుడు ఆరు సబ్జెక్టులకు ఆరు పేపర్లు. 2025-26లోనూ ప్రతి సబ్జెక్టులో నూటికి 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 మార్కులు ఏడాది పొడుగునా బడిలో చేసే పనికి కేటాయించారు. ఆ ఇరవైలో అయిదు మార్కులు ప్రాజెక్టు పనికి. విద్యార్థి పుస్తకం మూసి ఊళ్ళోకి వెళ్ళాలి. చూసి, అడిగి, కొలిచి, తన మాటల్లో రాసుకు రావాలి. ఇదీ ఉద్దేశం. ఆచరణలో జరుగుతున్నదేమిటి? దుకాణంలో బొమ్మల షీట్లు కొంటారు. గైడులోని నాలుగు పుటలు ఎక్కిస్తారు. రంగు కాగితం అట్ట వేస్తారు. మార్కులు పడతాయి. చదువు మాత్రం అంటదు.

గణితాన్నే తీసుకుందాం. కల్లంలో పోసిన వడ్ల రాశిని గణిత పుస్తకం శంఖువు అంటుంది. రాశి చుట్టుకొలత 13.2 మీటర్లు, ఎత్తు ఒక మీటరు అనుకుందాం. వ్యాసార్థం 2.1 మీటర్లు, ఘనపరిమాణం 4.62 ఘనపు మీటర్లు, అంటే 4,620 లీటర్లు. లీటరు డబ్బాతో వడ్లు కొలిచి తూకం వేస్తే రాశి మొత్తం ఎన్ని క్వింటాళ్ళో తేలిపోతుంది. నాయన కంటిచూపుతో చెప్పిన బస్తాల లెక్కతో దాన్ని సరిచూసుకోవచ్చు. ఇంతకు మించిన ప్రాజెక్టు ఏముంటుంది?

కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి 17 శాతం తేమ హద్దు. నూరు కిలోల వడ్లు 20 శాతం తేమ నుంచి 17 శాతానికి ఆరితే ఎంత తగ్గుతాయి? మూడు కిలోలని చటుక్కున అనేస్తాం. అది తప్పు. తేమ పోగా మిగిలే 80 కిలోలు మారవు. అవే 83 శాతం కావాలంటే మొత్తం బరువు 96.4 కిలోలుండాలి. అంటే తరుగు 3.6 కిలోలు. కాంటా దగ్గర నిలబడిన రైతుకు ఈ లెక్క తెలియడం అవసరం. చెప్పగల పిల్లవాడు ఇంట్లోనే ఉన్నాడు.

సైన్సు సంగతి చూద్దాం. గోడకు వేసే సున్నం నీళ్ళు తగలగానే ఎందుకు మరుగుతుందో, వెల్ల వేసిన రెండు మూడు రోజులకు ఎందుకు తెల్లగా మెరుస్తుందో రసాయన సమీకరణాల పాఠం చెబుతుంది. మేళ్ళచెరువు పరిసరాల సున్నపురాయే సిమెంటు కర్మాగారాలను ఇక్కడికి రప్పించింది. ఫ్లోరైడు నీటి బాధ ఉమ్మడి నల్లగొండ జిల్లాకు కొత్త కాదు. సున్నం, పటిక కలిపి నీటిని తేరనిచ్చి ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని 1970ల దశకంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు వచ్చింది. ఆఫ్రికా దేశాల్లో సైతం దానిని వాడారు. మన జిల్లా పేరుతో ప్రపంచమెరిగిన ఈ పద్ధతిని మన పిల్లలు ఒక గాజు గ్లాసులోనైనా చేసి చూడవద్దా?

సాంఘికశాస్త్రంలో నదులు, నీటి వనరులు, వలసలు పాఠాలున్నాయి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నీరు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల రూపురేఖలనే మార్చివేసింది. వరి వచ్చింది, మిల్లులు వచ్చాయి, కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. కాలువ రాకముందు ఈ నేలలో ఏమి పండేది, బావులెన్ని ఉండేవి, కూలి ఎంత ఉండేది? ఇవి చెప్పగల వృద్ధులు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు చెప్పింది రాసిపెట్టుకోకపోతే మరి పదేళ్ళకు చెప్పేవారుండరు.

తెలుగు వాచకంలో దాశరథి 'వీర తెలంగాణ' ఉంది. 1946 నుంచి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటానికి సూర్యాపేట ప్రాంతం ఆయువుపట్టు. యశోదారెడ్డి 'కొత్తబాట' మన అవ్వలు మాట్లాడే పలుకుబడిలో నడిచిన రచన. ఆ పాఠాన్ని అవ్వకు చదివి వినిపించి, తెలియని మాటలకు అర్థాలు ఆమెనే అడిగితే గైడుతో పని లేదు. ఇంగ్లీషుకు పురుగుమందు డబ్బాపై చీటీ ఉంది. దానిమీది ఎర్ర త్రికోణం అత్యంత విషపూరితమని గుర్తు. అది చదవడం ప్రాణాలు కాపాడే చదువు. హిందీ మాట్లాడడానికి మిర్యాలగూడ మిల్లుల్లో పనిచేసే బీహారు హమాలీలున్నారు.

ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. 2022-23లో ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి వరకు మొదలైన ఇంగ్లీషు మీడియం 2024-25 నాటికి పదో తరగతికి చేరింది. అర్థం కాని పిల్లలు జవాబులు బట్టీ పడుతున్నారు. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇచ్చింది ఇందుకోసమే. ముందు తెలుగులో అర్థం చేసుకుని, ఆ తరువాత ఇంగ్లీషులో రాయడం నేర్పాలి. ఊళ్ళో తెలుగులో అడిగి తెలుసుకున్నదాన్ని ఇంగ్లీషులో రాయవలసిన ప్రాజెక్టు పని ఇందుకు అన్నిటికంటే మంచి అభ్యాసం.

సిలబస్ పూర్తి చేయడానికే కాలం చాలడం లేదని ఉపాధ్యాయులు అనవచ్చు. అందులో నిజం ఉంది. కాబట్టి ప్రతి సబ్జెక్టుకు ఊరు దాటించవద్దు. విడతకు ఒక్క పని చాలు, కాని అది నిజమైన పని కావాలి. దుకాణంలో కొన్న షీట్లను స్వీకరించబోమని ప్రధానోపాధ్యాయులు ముందుగానే చెప్పాలి. అందంగా ఉన్నదానికి కాక, పిల్లవాడు స్వయంగా కొలిచి, అడిగి రాసినదానికి మార్కులు వేయాలి. సూర్యాపేట, నల్లగొండ జిల్లాల విద్యాశాఖాధికారులు తనిఖీకి వచ్చినప్పుడు రికార్డుల అట్టలు చూసి వెళ్ళకుండా, నలుగురు పిల్లలను నిలబెట్టి 'ఇది నీవెలా తెలుసుకున్నావు?' అని అడగాలి.

తల్లిదండ్రుల బాధ్యత అంతకంటే తేలిక. నాట్లనీ, పత్తి ఏరడమనీ పిల్లలను బడి మాన్పించకండి. సాయంత్రం భోజనాల దగ్గర 'ఈవేళ ఏం నేర్చుకున్నావు, మన పొలంలో అది ఎక్కడుంది?' అని అడగండి. అక్షరం రాని తండ్రి సైతం అడగగల ప్రశ్న ఇది. దీనికి జవాబు చెప్పడం అలవాటైన పిల్లవాడు పరీక్ష హాలులో తడబడడు. రేపు కాంటా దగ్గరా మోసపోడు.