ఏటా రాసే లెక్కను మూడేళ్లకు తోసేశారు

పేటెంట్ చట్టంతో మన చాళ్లవాళ్లకు ఏం పని అని అడుగుతున్నారు. టీబీ రాని గల్లీ, క్యాన్సర్ చూడని గల్లీ మన దగ్గర ఉంటే చూపించండి, అప్పుడు ఊరుకుంటాం.

2012 మార్చి 9న మన ముంబయి పేటెంట్ ఆఫీసులోనే పెద్ద తీర్పు వచ్చింది. బేయర్ కంపెనీ కాలేయ, కిడ్నీ క్యాన్సర్ మందు నెక్సావర్‌ను నెలకు 2,80,000 రూపాయల పైనే అమ్మేది. మన హైదరాబాదు నాట్కో అదే మందును దాదాపు 8,800కు ఇస్తామని లైసెన్సు అడిగింది. కంట్రోలర్ పి.హెచ్. కురియన్ ఇచ్చారు. బేయర్‌కు అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ కట్టమన్నారు. అక్కడ బాగా పనికొచ్చింది ఫారం 27. పేటెంట్ ఉన్నవాళ్లు దేశంలో మందు ఎంత తెచ్చారో, ఎంత అమ్మారో ఏటా చూపించాల్సిన లెక్క అది. 2008లో మందు తేనే లేదని బేయర్ ఇచ్చిన లెక్కలోనే ఉంది.

2024 మార్చిలో కేంద్రం నియమాలు మార్చి, ఆ లెక్క మూడేళ్లకోసారి ఇస్తే చాలంది. కంపెనీలకు కాగితం పని తగ్గుతుందట! మేము సర్వీసంతా రిటర్నులు రాసినవాళ్లం. ఏడాది లెక్క ఆ ఏడాదే అడగకపోతే తర్వాత ఎవరు తవ్వి తీస్తారు?

ఇంకొకటి. పేటెంట్ ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు. ఇదివరకు దానికి ఫీజు లేదు, ఇప్పుడు ఉంది. పైగా అది విచారణకు తగునా కాదా అని ముందే కంట్రోలర్ తేలుస్తారు. బినామీ అభ్యంతరాలతో ఏళ్లు గడుస్తున్నాయని కంపెనీలు అంటాయి. అందులో కొంత నిజముంది. అయితే బినామీకి జరిమానా వేయండి. టికెట్ లేనివాడు ఒకడు ఎక్కాడని బోగీ మొత్తాన్ని దింపేస్తామా?

నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే టీబీ చికిత్సలో వినికిడి పోగొట్టుకున్నవాళ్లు. మొండి టీబీకి వాడే బెడాక్విలిన్ మీద జాన్సన్ అండ్ జాన్సన్ 2027 దాకా పట్టు కోరితే, వీళ్లిద్దరూ అడ్డం నిలిచారు. 2023 మార్చిలో ముంబయి ఆఫీసు ఆ అర్జీని కొట్టేసింది. ఇలాంటివాళ్ల దగ్గరా ఫీజు వసూలు చేయాలి?

వాణిజ్య మంత్రిత్వ శాఖకు సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం సిద్ధం చేస్తున్నాం. లెక్క మళ్లీ ఏటా అడగాలి, రోగులకు, రోగుల సంఘాలకు ఫీజు ఎత్తేయాలి అని అందులో రాశాం. ఆదివారం సాయంత్రం ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టండి. వేలిముద్ర అయినా సరే.